చేసి చూపిస్తుంది కానీ రాయలేకపోతోంది, బడి మార్చాలా?

ఖమ్మం దగ్గర్నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది, నేను కుదించి చెబుతున్నాను.

ఆమె కూతురు ఎనిమిదో తరగతి. ఊరి చివర ఒక చిన్న ప్రైవేటు బడిలో చదువుతోంది, స్టేట్ సిలబస్. ఆ బడిలో పిల్లలే కూరమడి వేస్తారు, వాన ఎంత కురిసిందో కొలిచి బోర్డు మీద రాస్తారు, పెన్నులూ నోట్సులూ అమ్మే చిన్న కొట్టు నడిపి లెక్కలు చూస్తారు. ఈ ఏడాది పాప వీధిలో 42 ఇళ్లకు వెళ్లి ఎవరింటి బోరు ఎన్ని అడుగులు, ఏ సంవత్సరం వేశారు అని అడిగి పెద్ద చార్టు గీసింది. పాత బోర్లు తక్కువ లోతులో ఉన్నాయి, కొత్తవి రెట్టింపు లోతుకు పోతున్నాయి అని వచ్చినవాళ్లందరికీ చెబుతోందట. కానీ లెక్కల పరీక్షలో 25కి 11. ఆ తల్లి భర్త ఎక్కడో ఐఐటీ కోచింగుకు పునాది వేసే ఫౌండేషన్ కోర్సు ప్రవేశ పరీక్ష రాయిస్తే 40కి 9.

దసరాకి అందరూ కలిసినప్పుడు, జమ్మి పెట్టుకుని పెద్దల కాళ్లకు మొక్కాక, బావగారు పాపను పిలిచి అందరి ముందూ ఒక వర్గ సమీకరణం ఇచ్చి చేయమన్నారు. వాళ్లబ్బాయి కూడా ఎనిమిదే, హైదరాబాదులో పెద్ద కార్పొరేట్ బడి, వాడు నిమిషంలో చేసేశాడు. పాప పక్కగదిలోకి వెళ్లి ఏడ్చింది. ఆ రాత్రే పాప తండ్రి "వచ్చే జూన్‌లో హాస్టల్లో వేసేద్దాం, ఈ తోటపనులు చాలు" అన్నారు. పాప ససేమిరా అంటోంది. ఆయనది మోటారు వైండింగ్ షాపు. పదో తరగతితో ఆపేసి పని నేర్చుకున్నారు. తల్లి ఇంటర్ సీఈసీ, లెక్కలు లేని గ్రూపు. "నాకు ఆ బడి బాగుందో, పిల్లకు బాగా కాలక్షేపం అవుతోందో కూడా తెలియట్లేదు సార్. నేను ఎవరి వైపు మాట్లాడాలి?" అని అడిగారు.

అమ్మా, ముందు ఆ దసరా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో ఈ గొడవంతా దాని మీదే నిలబడింది. వర్గ సమీకరణాలు మన పుస్తకాల్లో పదో తరగతి పాఠం. ఎనిమిదో తరగతి పిల్లకు అది రాకపోవడం వెనకబాటు కాదు, ఆ పాఠం ఇంకా రాలేదు, అంతే. మీ బావగారి అబ్బాయికి రెండేళ్ల ముందే నేర్పారు, వాడు నేర్చుకున్నాడు, సంతోషం. కానీ ఇంకా చెప్పని పాఠంలో పిల్లను పదిమంది ముందు నిలబెట్టి అడగడం పరీక్షా కాదు, ముచ్చటా కాదు. సంక్రాంతికి మళ్లీ కలుస్తారు కాబట్టి ఈలోపే మీ వారి చేత బావగారికి ఒక మాట చెప్పించండి, "అన్నయ్యా, పాపను చదువు గురించి అందరి ముందు అడగొద్దు" అని. మీరు చెబితే తోడికోడళ్ల మధ్య ఇంకో కథ అవుతుంది, ఆయన చెబితే అన్నదమ్ముల మాటగా పోతుంది.

ఫౌండేషన్ పరీక్షలో వచ్చిన 9 గురించి కూడా నేను పెద్దగా పట్టించుకోను. పిల్లల్ని చేర్చుకునే సంస్థే పెట్టిన పరీక్షలో మీ పిల్ల బ్రహ్మాండంగా ఉందని ఎందుకు చెబుతారు?

కానీ ఆ 25కి 11 మాత్రం నన్ను ఆపింది. అది బడి పెట్టిన పరీక్ష, చెప్పిన పాఠం మీద పెట్టింది. ఇక్కడ మీరు బడిని వెనకేసుకొస్తే పొరపాటు, మీ వారు "నేను చెప్పలేదా" అన్నా పొరపాటే. ఆ 11 ఎందుకు వచ్చిందో మీ ఇద్దరికీ తెలియదు. నాకూ తెలియదు, మీరు పేపరు పంపలేదు.

నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. ఒక బ్యాచ్‌తో ఎండలో జెండా కర్ర ఎత్తు కనుక్కున్నాం. మీటరు కర్ర నిలబెడితే నీడ 80 సెంటీమీటర్లు, జెండా కర్ర నీడ 4.8 మీటర్లు, కాబట్టి ఎత్తు 6 మీటర్లు. అందరికన్నా ముందు చెప్పినవాడు వెనక బెంచీలో కూర్చునే పిల్లాడు, వాడికి పుస్తకం అంటే చిరాకు. అదే రకం లెక్క పరీక్షలో ఇచ్చాను. వాడు పేపరు మీద జవాబు ఒక్కటి రాసి కూర్చున్నాడు. సరైన జవాబే. నాలుగు మార్కుల లెక్కకు ఒక మార్కు వేశాను, తర్వాత పిలిచి తిట్టాను కూడా. తిట్టాల్సింది నన్ను నేను. ఎండలో కొలవడం నేర్పాను, ఆ కొలిచినదాన్ని పటం గీసి, సరూప త్రిభుజాలని పేరు పెట్టి, నిష్పత్తి రాసి, మెట్టు మెట్టుగా కాగితం మీదకు దించడం వాడికి విడిగా నేర్పలేదు. చేస్తే వచ్చేస్తుంది కదా, రాయడం దానంతట అదే వస్తుందని అనుకున్నాను. రాదు. చేయడం ఒక పని, చేసినదాన్ని రాయడం ఇంకో పని, రెండోదాన్ని కూడా ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి. మీ పాప విషయంలో నాకున్న అనుమానం ఇదే.

అనుమానమే సుమా. నిజమో కాదో మీరే ఇంట్లో తేల్చుకోవచ్చు, మీకు లెక్కలు రావక్కర్లేదు. ఒక ఆదివారం పొద్దున టీ తాగుతూ ఇలాంటి లెక్క ఒకటి నోటితో అడగండి. గంటకు 4000 లీటర్లు తోడే మోటారుకు ట్యాంకు నిండటానికి 3 గంటలు పడుతుంది, గంటకు 3000 లీటర్లు తోడేది బిగిస్తే ఎంతసేపు? నాలుగు గంటలు అని చెప్పిందనుకోండి, ఎలా అని అడగండి. ట్యాంకులో 12,000 లీటర్లు పడతాయి కదమ్మా అని తన మాటల్లో చెబితే విలోమానుపాతం ఆ పిల్లకు వచ్చినట్టే, అది ఎనిమిదో తరగతి పాఠమే. తర్వాత అదే కాగితం మీద రాయమనండి. చెప్పగలిగి, రాయలేకపోతే నా అనుమానం నిజం, అది కొన్ని నెలల్లో దారికొచ్చే సమస్య. చెప్పడం కూడా రాకపోతే వేరే సంగతి, బడిలో పని జరుగుతోంది గానీ పాఠం జరగట్లేదు అని అర్థం, అప్పుడు మీ వారి భయానికి ఆధారం ఉన్నట్టే. రెండూ వచ్చి, బాగా ఆలస్యంగా చేస్తోందంటే అది ఒట్టి అలవాటు లేకపోవడం. ఒక్క లెక్కతో తేల్చేయకండి, వేర్వేరు పాఠాల్లోవి ఓ అయిదారు అడగండి.

ఇంకో మాట, పిల్లలే నడిపించే చదువు అంటే పిల్లల ఇష్టానికి వదిలేయడం అని చాలామంది అనుకుంటారు, ఆ పేరుతో నడిచే బడుల్లో కొన్ని కూడా అలాగే అనుకుంటాయి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ పేరు వినే ఉంటారు, జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన బడి. దాని చుట్టుపక్కల పల్లెల్లో వాళ్లు నడిపిన చిన్న బడుల సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. ఒకే గదిలో రకరకాల తరగతుల పిల్లలు కలిసి కూర్చునే బడులు. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ ఒక పద్ధతి తయారు చేశారు. నిచ్చెన బొమ్మ ఉంటుంది, పిల్ల తను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని ఆ మెట్టు కార్డు తనే తెచ్చుకుంటుంది, తన వేగంతో తను చేస్తుంది. టీచరు "ఒకటో పాఠం తీయండి" అనరు. వినడానికి పూర్తి స్వేచ్ఛలా ఉంటుంది, కానీ ఆ నిచ్చెన మెట్లు పెద్దవాళ్లు ఎంతో ఆలోచించి పేర్చినవి. నేర్చుకునే కార్డు తర్వాత అభ్యాసం కార్డు, దాని తర్వాత వచ్చిందో లేదో చూసే కార్డు, రాకపోతే మళ్లీ చేయడానికి వేరే కార్డు. దాటకుండా పై మెట్టు లేదు. ఈ పద్ధతి చూసే తమిళనాడు వాళ్లు 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి, తర్వాత రాష్ట్రమంతా తీసుకెళ్లారు. మన ఉమ్మడి రాష్ట్రంలో కూడా చిన్న తరగతులకు స్నేహబాల కార్డులని వచ్చాయి. నేనెరిగిన ఒక బడిలో అవి చిరిగిపోతాయన్న భయంతో బీరువాలో పెట్టి తాళం వేశారు, ఇనస్పెక్షను రోజున తీసేవారు!

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మీరు బడికి వెళ్లి మాట్లాడేటప్పుడు అడగాల్సింది "మీరు ఎందుకు చదివించట్లేదు" అని కాదు. నిచ్చెన ఉందా అని. బోర్ల చార్టు అయిపోయాక దాని మీద పిల్లలు ఏం రాశారు? ఎనిమిదో తరగతి లెక్కల్లో పౌనఃపున్య విభాజన పట్టికలు అని ఒక పాఠమే ఉంది, అంటే అంకెల్ని గుంపులు చేసి ఒక్కో గుంపులో ఎన్ని ఉన్నాయో రాసే పట్టికలు, 42 ఇళ్ల బోరు లోతులకు మించిన ముడిసరుకు ఆ పాఠానికి ఎక్కడ దొరుకుతుంది? సగటు తీశారా, మధ్యగతం తీశారా, తరగతి అంతరాలు ఎందుకలా తీసుకున్నారో రాశారా, లేక చార్టుకు రంగులేసి గోడకు తగిలించి ఊరుకున్నారా? నోట్సులు చూపించమనండి, బాగా చదివే పిల్లవి కాదు, మామూలు పిల్లవి. ఇంతకుముందు పదో తరగతి రాసినవాళ్లు ఎలా రాశారో, తర్వాత ఎక్కడ చేరారో అడగండి, ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులతో మీరే మాట్లాడండి. గ్రూపు పనుల్లో మీ పాప ఏం చేస్తుందో కూడా కనుక్కోండి. చాలాచోట్ల టేపు పట్టి కొలిచేది, స్క్రూడ్రైవరు పట్టేది మగపిల్లలు, అందంగా హెడ్డింగులు రాసేది ఆడపిల్లలు అయిపోతారు.

జవాబు చెప్పడానికి టీచరు తడుముకుంటే వెంటనే బడి చెడ్డదని కూడా అనుకోకండి, కొంతమంది బాగా చెప్పే టీచర్లకు మాట్లాడటం రాదు. నోట్సు చూడండి, నోట్సు అబద్ధం చెప్పదు.

అలాగని పెద్ద బడుల్లో ప్రాజెక్టులు ఉండవని కాదు. మన ఫార్మేటివ్ అసెస్‌మెంటులో 20 మార్కులుంటే పిల్లల భాగస్వామ్యం, రాతపనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష, ఒక్కోదానికి 5. కాగితం మీద చూస్తే మీ పాప బడిలో చేసేదే రాష్ట్రమంతా చేయాలి. జరిగేది మీకు తెలుసు, స్టేషనరీ షాపులో బొమ్మల షీట్లు కొని అంటించి, గైడు చూసి రాసి, రాత్రి పదింటికి అమ్మ అట్ట వేస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది మీ వారు అన్నట్టు హాస్టల్. నా ఉద్దేశం దాచను, వద్దని అనిపిస్తుంది. అయితే హాస్టల్లో బాగుపడ్డ పిల్లల్నీ చూశాను, టైముకు తినడం, టైముకు చదవడం, తోటిపిల్లల పోటీ, కొందరికి అది పడుతుంది. వాళ్లలో ఎక్కువమంది ఇష్టపడి వెళ్లినవాళ్లు. మీ పాప వద్దంటోంది, అదీ అవమానం జరిగిన రాత్రే తీసుకున్న నిర్ణయం. ఇప్పుడు పంపితే "నేను తక్కువ కాబట్టి నన్ను పంపేశారు" అని ఆ పిల్ల మనసులో పడిపోతుంది, అది తీయడం కష్టం. ఐఐటీ సంగతి కూడా కాస్త విడదీసి చూడండి. జేఈఈ మెయిన్‌లో 3 గంటల్లో 75 ప్రశ్నలు, మన ఎప్‌సెట్‌లో అదే 3 గంటల్లో 160. అంటే వేగం కావాల్సిందే, దాన్ని కాదంటే అబద్ధం. కానీ అవి అడిగేది ఇంటర్ రెండేళ్ల పాఠాలు. పదమూడేళ్లకు ఉండాల్సింది భిన్నాలూ, నిష్పత్తులూ, బీజీయ సమాసాలూ తడబడకుండా చేయడం, ఆ గట్టిదనం ఉన్న పిల్లకు వేగం ఇంటర్‌లో నేర్పవచ్చు. అది లేని పిల్లకు ఎనిమిదిలోనే వర్గ సమీకరణాల సూత్రం బట్టీ పట్టించినా ఇంటర్ ఫస్టియర్ దసరా సెలవులకల్లా బయటపడిపోతుంది, నా దగ్గరికి ట్యూషనుకు వచ్చిన పిల్లల్లో ఇది చాలాసార్లు చూశాను.

రెండోది, ఇంటి దగ్గర్నుంచే వెళ్లి వచ్చేలా ఊళ్లో మరో బడిలో తొమ్మిదిలో చేర్చడం. ఇది అంత చెడ్డ ఆలోచన కాదు. మీ పరిశీలనలో ఇప్పటి బడిలో పాఠం నిజంగా జరగట్లేదని తేలితే ఇదే చేయండి, ఆలస్యం చేయొద్దు కూడా, మారేదేదో తొమ్మిదిలోనే మారాలి, పదిలో మారితే పేరు నమోదులూ టీసీలూ కొత్త టీచర్లూ అన్నీ ఒకేసారి మీద పడతాయి. అయితే మొదటి మూడు నెలలు మార్కులు ఇంకా తగ్గుతాయి, పాప ఇంటికొచ్చి చిరాకు పడుతుంది, ప్రశ్న అడిగితే "సిలబస్ కాదు, కూర్చో" అనే టీచరు ఒకరైనా తగులుతారు. దానికి మీరు సిద్ధపడి ఉండాలి. ఆ మూడు నెలల్లో మీ వారు "చూశావా, ఇన్నాళ్లు పాడు చేశాం" అని ఒక్కసారి అన్నా చేసిందంతా పోతుంది.

మూడోది ఉన్నచోటే ఉంచి, లోటు ఇంట్లో పూడ్చడం. వారానికి నాలుగు రోజులు అరగంట. కొత్త పాఠాలొద్దు, ట్యూషనూ వద్దు ఇప్పుడప్పుడే. నోటితో చెప్పిన లెక్కనే రాయడం, రాసింది మీకు చదివి వినిపించడం. మీకు అర్థం కాని మెట్టు దగ్గర ఆపండి, "ఇక్కడ నాకు తెలియలేదే, మధ్యలో ఏమైంది?" అనండి. మీకు లెక్కలు రాకపోవడం ఇక్కడ పనికొస్తుంది, లెక్కలు వచ్చినవాళ్లు పిల్ల వదిలేసిన మెట్టును తామే మనసులో పూరించేసుకుంటారు. దీనితో ఉన్న ఇబ్బంది ఏమిటంటే భారం మీ మీద పడుతుంది, ఒకవారం చేసి రెండు వారాలు మానేస్తే ఫలితం ఉండదు, పైగా మార్కులు పెరగకపోతే తప్పు మీదే అవుతుంది ఇంట్లో. అందుకని ఇది మీ ఒక్కరి ఒప్పందంగా కాకుండా ముగ్గురూ కూర్చుని ఒప్పుకున్నదిగా ఉండాలి, పాపతో సహా. తనకు ఆ బడి కావాలంటే రాయడం నేర్చుకోవడం తన వంతు అని స్పష్టంగా చెప్పండి. ఆ మాత్రం గట్టిగా చెప్పవచ్చు, పదమూడేళ్లు వచ్చాయి.

నేనైతే మూడోదాన్ని ఇప్పుడే మొదలుపెట్టి, నిర్ణయాన్ని ఫిబ్రవరికి వాయిదా వేస్తాను. నవంబరు, డిసెంబరు, జనవరి, మూడు నెలలు చాలు కదలిక ఉందో లేదో తెలియడానికి. మార్కులు 11 నుంచి 20కి ఎగరాలని కాదు, రాసిన పేపర్లో మెట్లు కనిపించాలి. కనిపిస్తే ఉంచండి, కనిపించకపోతే రెండో దారి ఎలాగూ ఉంది, జూన్ దాకా టైముంది. ఒక్కటే జాగ్రత్త. డిసెంబరు దాటితే కార్పొరేట్ బడుల్లో పిల్లల్ని చేర్పించే పీఆర్వోలు ఇంటికి వస్తారు, "ఇప్పుడు సీటు బుక్ చేస్తే ఫీజులో ఇంత తగ్గిస్తాం, సంక్రాంతి దాటితే ఉండదు" అంటారు. ఆ తగ్గింపు కోసం పిల్ల సంగతి తేల్చేయకండి, మేలో వెళ్లినా ఏదో ఒక తగ్గింపు దొరుకుతుంది.

ఇక మీ వారి గురించి. ఉత్తరంలో మీరు ఆయన్ని కాస్త విలన్‌ను చేశారు, నాకలా అనిపించలేదు. కాలిన మోటారు విప్పి, ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ అని చేతితో పట్టుకుని నేర్చుకున్న మనిషి ఆయన, మీ ఇంట్లో చేసి నేర్చుకోవడం అంటే ఏమిటో అందరికన్నా ఎక్కువ తెలిసింది ఆయనకే. అది ఎక్కడ ఆగిపోతుందో కూడా ఆయనకే తెలుసు. పని అంతా వచ్చినా, కాగితం మీద రాయగలిగినవాడు ఇంజనీరై వచ్చి తన ముందు కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో ఆయన చూసి ఉంటారు. కూతురు బోర్లూ కొలతలూ అంటూ తిరుగుతుంటే ఆయనకు తన జీవితం మళ్లీ కనిపిస్తోందేమో. "నా పిల్ల కూడా చేతిపని దగ్గరే ఆగిపోతుందా" అన్న భయానికి "మీకు చదువు విలువ తెలియదు" అని మీరు జవాబిచ్చారని రాశారు, ఆ మాట ఒకసారి వెనక్కి తీసుకోండి. ఆయన అడిగేది నిజానికి నేను పైన అడిగిందే, రాయడం వస్తుందా అని. హాస్టల్ అనేది ఆయనకు తెలిసిన ఒకే జవాబు.

ఉత్తరం చివర మీరు ఒక వాక్యం రాశారు, ఆ బోర్ల చార్టు ఆయన ఇంతవరకు చూడనే లేదని. దాన్ని చుట్టి పాపకిచ్చి ఒక సాయంత్రం షాపుకి పంపండి, కస్టమర్లు తగ్గాక. చూడమని బతిమాలొద్దు, లెక్క సరిచూడమని అడగమనండి. ఆ 42 ఇళ్లలో సగం ఇళ్ల మోటార్లు ఆయన చేతి మీదుగానే దిగి ఉంటాయి, ఎవరింట్లో ఎన్ని అడుగుల దగ్గర మోటారు దింపారో ఆయనకు నోటికొచ్చి ఉంటుంది. పిల్ల ఎక్కడో ఒకటి రెండు తప్పు రాసే ఉంటుంది, ఎందుకంటే ఇంటివాళ్లకే తమ బోరు లోతు సరిగ్గా తెలియదు. ఆయన దిద్దిన అంకెలతో పాప సగటు మళ్లీ కట్టాలి, పాతదీ కొత్తదీ ఎంత తేడా వచ్చిందో, ఎందుకొచ్చిందో ఒక పేజీ రాసి ఆయనకే ఇవ్వాలి. ఆ పేజీ జిరాక్సు ఒకటి నాకూ పంపండి, 25కి 11 వచ్చిన పేపరుతో పాటు.